దామోదర్ కిరాయి కోటు

2003 నుంచి 2014 దాకా ఉప్పల్‌లో గానీ నాచారంలో గానీ కాలం చేసిన మగవాళ్లలో ముప్పాతికమంది నీలం కోటు తొడుక్కునే పైకి పోయారు. బతికినన్నాళ్లూ లుంగీ తప్ప ఎరగనివాళ్లు, పెళ్లినాడు చొక్కా అరువు తెచ్చుకున్నవాళ్లు, కోటేసుకున్నవాణ్ణి చూస్తే జప్తుకొచ్చిన కోర్టు అమీనా అనుకుని దొడ్డిదారి పట్టినవాళ్లు, అందరికీ అదే నీలం కోటు, అదే ఎర్ర టై, ఎడమ జేబు మీద అదే గులాబి పువ్వు. నమ్మకపోతే ఆ పదకొండేళ్ల 'తూర్పు గుమ్మం' వారపత్రికలు తిరగేసి చూసుకోండి. నాలుగో పేజీ అడుగున వరసగా ఉంటారు, పెళ్లి బ్యాండువాళ్లలాగా.

ఆ కోటులో ఉన్న భుజాలు దామోదర్‌వి. తలకాయ మాత్రం వారానికొకరిది.

కోటైనా అతని సొంతం కాదు లెండి. తన పెళ్లి రిసెప్షన్‌కు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక్కరోజు కిరాయికి తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మడత పెట్టి ఇచ్చేశాడు కూడా. ఇచ్చేసిన కోటు పదకొండేళ్లు ఒంటిమీదనుంచి దిగకపోవడమే అతని బతుకు కథ.

దామోదర్‌ది జనగామ దగ్గర పల్లె. ఇంటర్ తప్పి పట్నమొచ్చి, తార్నాకలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, నాచారం చౌరస్తాలో కోళ్ల దుకాణం మీద మేడగదిలో ఉన్న 'తూర్పు గుమ్మం' ఆఫీసులో పడ్డాడు. ఆఫీసు అంటే ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, కింద కోళ్ల గోల. పత్రిక పెట్టిన రామ్మోహనరావు ఒకప్పుడు పెద్ద పత్రికకు వార్తలు రాసేవాడు. అక్కడ ఎవరో తన వార్తను సగానికి కోసేశారని అలిగి సొంత దుకాణం తెరిచాడు. సంపాదకుడు, ప్రచురణకర్త, సంపాదకీయం అన్నీ ఆయనే. మిగిలిందంతా దామోదర్: టైపు కొట్టేది, ఫోటోలు తీసేది, పేజీ పెట్టేది, ప్రెస్సుకు మోసేది.

పత్రిక నాలుగు పేజీలు. మొదటి దాంట్లో డ్రైనేజీ, రెండో దాంట్లో నాయకుల పుట్టినరోజులు, మూడో దాంట్లో స్కూళ్ల వార్షికోత్సవాలు, నాలుగో దాంట్లో పోయినవాళ్లు. జనం మాత్రం ఉర్దూ పుస్తకంలాగా వెనకనుంచి తెరిచేవాళ్లు. డ్రైనేజీ ఎట్లాగూ మారదు, పోయినవాళ్లన్నా వారం వారం మారతారు కదా.

అసలు చిక్కంతా ఫోటోలతో వచ్చింది. మన దగ్గర మనిషి బతికున్నప్పుడు ఫోటో తీయించుకోడు, పోయాక ఇంటిల్లిపాదీ ట్రంకుపెట్టె బోర్లించి వెతుకుతారు. దొరికేవి రేషన్ కార్డు మీద బఠాణీగింజంత ముఖం, లేదంటే ఎవరి పెళ్లిలోనో వెనకవరసలో సగం చెవి. దామోదర్ పెళ్లయిన వారానికే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు పోతే, వాళ్ల అబ్బాయి అలాంటి ముఖమే తెచ్చి బల్లమీద పెట్టాడు. "హుందాగా ఉండాలె దామోదర్, హుందాగా," అన్నాడు రామ్మోహనరావు. కంప్యూటర్లో అప్పుడున్న ఒకే ఒక హుందా ఫోటో దామోదర్ పెళ్లి ఫోటో. తల తీసేసి హెడ్‌మాస్టరుగారి తల పెట్టాడు. పని బ్రహ్మాండంగా కుదిరింది. ఆ సంబరంలో పాత ఫైలు మీదే సేవ్ కొట్టాడు.

అంతే, తన తల పోయింది. ఫోటో తీసిన స్టూడియోవాడు అప్పటికే దుకాణం మూసి ఊరెళ్లిపోయాడు. ఇంట్లో ఆల్బం ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాడు గానీ, 2008 వానల్లో నాలా పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చి అదీ ముద్దయిపోయింది. దాంతో దామోదర్ భార్య పద్మశ్రీకి తన పెళ్లి ఫోటో చూసుకోవాలంటే మిగిలింది ఒక్కటే దారి, 'తూర్పు గుమ్మం' నాలుగో పేజీ.

"ఈ వారం మా ఆయనకు బట్టతలొచ్చింది," అనేది పక్కింటివాళ్లతో. మరో వారం, "మీసాలు మంచిగున్నయ్, గివే ఉంచుకొమ్మనాలె," అనేది. నవ్వుతూనే అనేది గానీ ఆ నవ్వులో ముల్లు ఉండేది. ఏ ఆడదానికైనా మొగుడు వారానికోసారి చచ్చిపోవడం చూడ్డానికి బాగుంటుందా?

ఇటు జనానికి మాత్రం కోటు మీద మోజు పుట్టింది. "మా నాయనకు గూడ ఆ నీలం కోటు తొడుగన్నా," అని అడిగి మరీ వేయించుకునేవాళ్లు. చర్చి కాంపౌండు నుంచి టిమోతి వచ్చి తన మేనమామకు కోటు ఉంచి గులాబి తీయమన్నాడు. దామోదర్ తీశాడు. మర్నాడు మేనత్త వచ్చి ఆ గులాబి ఏదని పోట్లాడింది. కాప్రాలో చెరువుగట్టు జాగా కోసం ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన బావాబావమరుదులు ఒకే వారం పోయారు. పక్కపక్కనే ఒకే కోటులో, ఒకే భుజాలతో అచ్చయ్యారు. బతికుండగా ఒకే బస్సెక్కడానికి ఒప్పుకోని మనుషులు వాళ్లు.

మాటలూ అంతే. దామోదర్ దగ్గర ఒక్కటే మేటరు ఉండేది: మృదుస్వభావి, స్నేహశీలి, పరోపకారి, అందరికీ తలలో నాలుకలా మెలిగిన ఫలానావారు. పేరు మార్చడమే పని. ఆడవాళ్లకు పట్టుచీర వేరే ఉండేది, 'మృదుస్వభావి' మాత్రం అదే. ఆ లెక్కన ఉప్పల్, నాచారం, మల్లాపూర్‌లలో ఆ పదకొండేళ్లలో ఒక్క కోపిష్టి కూడా చావలేదు. కోపిష్టులంతా బతికే ఉన్నారని అనుకోవాలి మరి.

ఇట్లా నడిచిపోతుండగా 2014 మే నెలాఖరులో, ఎండకు కింద కోళ్లు కూడా అరవడం మానేసిన ఒక పగటిపూట, ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు సారలమ్మ, ఉండేది మల్లాపూర్‌లో. చంకలో తువ్వాలుతో చుట్టిన ఫ్రేము ఒకటి ఉంది. కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, తువ్వాలు విప్పి ఫ్రేమును బల్లమీద పెట్టింది. నీలం కోటు, ఎర్ర టై, గులాబి.

"ఈయన మా ఆయన కాదు," అంది.

దామోదర్ ముఖం చూసి గుర్తుపట్టాడు. పోయిన ఏడు జులైలో వేశాడు: సాంబయ్య, వైర్ల ఫ్యాక్టరీ కార్మికుడు, మల్లాపూర్. "గట్లంటవేంది పెద్దమ్మా? నీ బిడ్డ ఇచ్చిన కార్డుల ముఖమే గద. ఈఎస్సై కార్డు."

"ముఖం ఆయనదే కావచ్చు. గని కనుబొమ్మ మీద మచ్చ ఏది? మిషన్ తాకి ఏడు కుట్లు పడ్డయ్. రంగు యాడికెల్లొచ్చింది? మా ఆయన నలుపు. నల్లగుంటడనే నేను ముందుగాల వద్దన్న." తువ్వాలుతో చెమట తుడుచుకుంది. "ఎవలో ఆఫీసరును తెచ్చి మా గోడకు కొట్టినట్టున్నది. నా మనుమరాలు రోజూ పొద్దుగాల ఆ ఫోటోకు గుడ్ మార్నింగ్ సార్ అంటది. తాతనే, అంటే నమ్మది."

దామోదర్‌కు నవ్వొచ్చింది గానీ ఆవిడ ముఖం చూసి మింగేశాడు.

ఆవిడ వచ్చిన పని ఇది. జూన్ రెండున తెలంగాణ వస్తోంది. దానికోసం సాంబయ్య రాస్తారోకోల్లో దెబ్బలు తిన్నాడు, సమ్మెలో నలభై రోజులు పని మానుకుని ఇంట్లో పస్తులు పెట్టాడు, రాష్ట్రం వస్తే కీసరగుట్ట మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతానని మొక్కాడు. తీరా వచ్చేసరికి తాను లేడు. ఆరోజు పత్రికలో ఆయన బొమ్మ రావాలి. కోటాయనది కాదు, సాంబయ్యది.

"ఒక్క ఫోటో సాలు బిడ్డా. ఆయన ఎట్లుండెనో గట్ల. ఏడాదైతుంది, ఆ కోటును రోజూ సూసి సూసి అసలు ముఖం మర్సిపోతున్న. కండ్లు మూసుకుంటే గూడ టై కట్టుకునే వస్తున్నడు."

పదకొండేళ్లలో ఈ మాట అన్నవాళ్లు ఎవరూ లేరు. దామోదర్ తొడిగిన ఆ కోటు ఎంతమంది కళ్లలోంచి ఎంతమందిని తరిమేసిందో ఎవరికి తెలుసు!

"మీకాడ ఇంక ఫోటోలు లేవా?"

"ఓటరు కార్డుల ఉన్నది. దాంట్ల దొంగ లెక్క ఉన్నడు."

దామోదర్ బీరువా మీదనుంచి బిస్కెట్ డబ్బా దింపాడు. అందులో పాత సీడీలు. ఉద్యమం రోజుల్లో చౌరస్తాలో వేసిన రిలే నిరాహార దీక్షల టెంటుకు రోజూ పోయి ఫోటోలు తీసేవాడు. ఏరోజు ఎవరి వంతో సీడీ మీద రాసి పెట్టుకున్నాడు. 2011 అక్టోబరు, నలభై ఏడో రోజు, వైర్ల ఫ్యాక్టరీ కార్మికులు. పెట్టాడు. అయిదు ఫోటోలున్నాయి. నాలుగింటిలో అందరూ బుద్ధిగా కూర్చున్నారు, సాంబయ్య ఉండాల్సిన చోట టెంటు గుంజ అడ్డమొచ్చింది. అయిదోది తెరిచాడు.

ముందువరసలో నడుమ, మెడలో దండతో వార్డు నాయకుడు చిదంబరం నీరసంగా కళ్లు మూసుకుని ఉన్నాడు. వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాలు: రిలే నిరాహార దీక్ష. సరిగ్గా 'నిరాహార' అన్న మాట కింద, చివరి వరసలో, మెడలో కండువాతో ఒక నల్లటి మనిషి తల వెనక్కి వాల్చి, నోరు ఆకాశానికి తెరిచి, చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఆ చేతిలో, తొడిమ పట్టుకుని, మిర్చి బజ్జీ. వేడిగా ఉన్నట్టుంది, ఆచితూచి నోట్లోకి దింపుతున్నాడు. కనుబొమ్మ మీద మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

అప్పట్లో దీన్ని ఎందుకు వాడలేదో దామోదర్‌కు గుర్తొచ్చింది. గబగబా మూసేయబోయాడు.

"ఉంచు," అంది సారలమ్మ.

చాలాసేపు చూసింది. ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగి చూసింది. ఆవిడ భుజాలు కదలడం చూసి దామోదర్ ఏడుస్తోందనుకున్నాడు. నీళ్లు తెద్దామని లేచాడు. తీరా చూస్తే నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ కళ్లలో నీళ్లు కారిపోతున్నాయి.

"ఒట్టేసిండు బిడ్డా. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు."

కథ అప్పుడు చెప్పింది. సాంబయ్యకు బీపీ, షుగరు. నూనె వస్తువు కంటితో కూడా చూడొద్దన్నాడు డాక్టరు. ఆ దీక్ష రోజు సాయంత్రం కడుపు కాలిపోతోందంటూ ఇంటికొచ్చి, దీక్ష చేసిన మనిషికి మర్యాద చేయాలని రెండు గుడ్లతో అన్నం పెట్టించుకున్నాడు. చొక్కా మీద నూనె మరక. మూతి దగ్గర శెనగపిండి వాసన. ఏంది ఇది, అని ఆవిడ అడిగింది. ఉద్యమకారుణ్ణి అనుమానిస్తావా అని ఆయన లేచాడు. నెత్తి మీద చెయ్యి పెట్టి, పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టలేదని ఒట్టేశాడు. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు.

"ఆడికెల్లి రెండేండ్లు సంపిండు. ఏ లొల్లయినా సరే, ఆనాడు నన్ను దొంగను జేసినవ్ అనుకుంట అదే తీసేటోడు. ఆఖరికి దవాఖానల మంచం మీద ఉన్నప్పుడు, ఇగ దక్కడని డాక్టరు చెప్పినంక, నేనే పోయి మాఫీ అడిగిన. తప్పయింది, నిన్ను ఉత్తపుణ్యానికి అన్న, అని. ఏమన్నడో ఎరికేనా?" కళ్లు తుడుచుకుంది. "సరే తీ, మాఫీ జేసిన, అన్నడు. గదే ఆఖరి మాట."

దామోదర్‌కు తాను రాసిన మేటరు గుర్తొచ్చింది. చావుమంచం మీద పడుకుని కూడా బజ్జీ ఒప్పుకోని మనిషికి తాను 'మృదుస్వభావి' అని రాశాడు.

"గిదే ఎయ్యాలె," అంది సారలమ్మ. "బజ్జీతోని. కోటు గీటు ఏం వద్దు. జూన్ రెండున. మాటియ్యి."

ఇచ్చాడు. ఆ ఫోటో చూశాక ఎవడైనా ఇస్తాడు.

ఆవిడ మెట్లు దిగిన పది నిమిషాలకు రామ్మోహనరావు వచ్చాడు. తెరమీద ఫోటో చూసి అదిరిపడ్డాడు. దీక్షా శిబిరంలో బజ్జీ తినేవాణ్ణి, అదీ రాష్ట్రావతరణ ప్రత్యేక సంచికలో, అదీ చిదంబరం వెనక! చిదంబరం రేపో మాపో కార్పొరేటరు కాబోతున్నాడు, రెండో పేజీ నిండా ఆయన శుభాకాంక్షలే. "నీకేమన్న పిచ్చి లేసిందా దామోదర్? తీసెయ్యి."

"పెద్దమ్మకు మాటిచ్చిన సార్."

"ఫోటో తియ్యమంటలేను. బజ్జీ తియ్యమంటున్న."

చెరిపేయడం దామోదర్‌కు రెండు నిమిషాల పని. మౌసుతో చుట్టుపక్కల టెంటు రంగు తెచ్చి బజ్జీ మీద పూశాడు. బజ్జీ పోయింది. ఇద్దరూ తెరమీదికి వంగి చూశారు. పైకెత్తిన పిడికిలి. ఆకాశానికి తెరిచిన నోరు. కంఠనరాలు ఉబ్బి ఉన్నాయి. కనుబొమ్మ మీద గాయం. మిర్చి కారానికి కళ్లలో ఎరుపు. ఇంత నిప్పులు కక్కుతూ నినాదమిస్తున్న మనిషి ఆ అయిదేళ్ల ఉద్యమంలో ఏ పెద్ద పత్రిక వాడికీ దొరికి ఉండడు.

రామ్మోహనరావు కుర్చీలోంచి లేచాడు. "మొదటి పేజీ," అన్నాడు. "ఆరు కాలమ్‌లు. హెడ్డింగు రాసుకో. 'గర్జించిన గొంతు, నేలకొరిగిన సింహం'."

"షుగరు పేషంటు సార్."

"సింహానికి షుగరు ఉండొద్దా? రాసుకో."

సింహం పేజీ ఎక్కింది. మల్లాపూర్ నుంచి అసెంబ్లీ దాకా ఆ మనిషి పిడికిలి వణికించని గోడ లేదని రామ్మోహనరావు స్వయంగా రాశాడు. అందులో చివర 'మృదుస్వభావి' అని కూడా కలిపాడు, అలవాటు కొద్దీ.

శనివారం మధ్యాహ్నం అన్నం దగ్గర దామోదర్ ముద్ద దిగక కూర్చుంటే పద్మశ్రీ సంగతి లాగింది. రెండు ఫోటోలూ అతని ఫోన్లో ఉన్నాయి, చూపించాడు. మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడు నీకు ఫికర్ ఏంది? సింహమంటే ఎవలికి కోపం?" అంది.

"ఆమెకు మాటిచ్చిన. గని సార్ వద్దన్నడు. పన్నెండేండ్ల నౌకరి పద్మా."

పద్మశ్రీ అన్నం గిన్నె కింద పెట్టింది. నవ్వలేదు. పదకొండేళ్లలో ఈ ఫోటోల మాటొచ్చినప్పుడు ఆవిడ నవ్వకపోవడం అదే మొదటిసారి. "నా మొగుని తలకాయ నువ్వు పోగొట్టినవ్. అడిగినప్పుడల్లా నవ్వి ఊకున్న. పెండ్లినాడు నువ్వెట్లున్నవో నాకు యాది లేదు, ఎరికేనా? యాది తెచ్చుకుందామంటే ఎవలెవలో ముసలోళ్లొస్తున్నరు. ఆమెకు దొరికిన మొగుణ్ణి గూడ చెడగొట్టకు."

దామోదర్ చెయ్యి కడుక్కుని లేచాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎదురుచెప్పని మనిషి. కోటు తొడగమంటే తొడిగాడు, గులాబి తీయమంటే తీశాడు, చెరపమంటే చెరిపాడు. ఆరోజు ఆఫీసుకు పోయి, రామ్మోహనరావు చిదంబరం ఇంట్లో ఉన్న సమయం చూసి, పేజీ తెరిచాడు. సింహాన్ని పీకేశాడు. బజ్జీ ఉన్న ఫోటో పెట్టాడు. ఆరు కాలమ్‌ల మేటరు మొత్తం ఎత్తేసి, సారలమ్మకు ఫోన్ కొట్టి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు. ఉన్నది అరడజను వాక్యాలైనా మూడుసార్లు తప్పులు కొట్టాడు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ప్రెస్సుకు తానే మోసుకుపోయాడు.

జూన్ రెండు పొద్దున చౌరస్తాలో బాణసంచా, మిఠాయిలు, గులాల్. ఆ గోలలో 'తూర్పు గుమ్మం' చేతులు మారింది. పదకొండేళ్లలో మొదటిసారి జనం దాన్ని ముందునుంచి తెరిచారు. ఫోటో కింద ఇట్లా ఉంది:

"సాంబయ్య. వైర్ల ఫ్యాక్టరీ, మల్లాపూర్. కోపిష్టి, మొండి. తప్పు ఒప్పుకున్న రోజు లేదు. ఇరవై ఆరేళ్లు రెండో షిఫ్టు నుంచి ఇంటికొచ్చేటప్పుడు భార్యకు మల్లెపూలు తెచ్చాడు, తెచ్చినప్పుడల్లా ధర ఎక్కువైందని తిట్టాడు. తెలంగాణ రావాలని దీక్షలో కూర్చున్నాడు. ఆకలికి ఆగలేక ఒక బజ్జీ తిన్నాడు. తెలంగాణ వచ్చింది. చూడ్డానికి లేడు."

టీకొట్టు దగ్గర మొదట ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత అందరూ. నవ్వులో పడి వైర్ల ఫ్యాక్టరీ పాత కార్మికుడొకడు, ఆరోజు టెంటు వెనకనుంచి పొట్లం అందించింది తానేనని ఒప్పేసుకున్నాడు. ఇంకొకడు తనవంతు రెండన్నాడు. అట్లా లెక్క తేలుతూ తేలుతూ పోతే ఆ టెంటులో నిజంగా పస్తున్నది గుంజ ఒక్కటేనని తెలిసింది. నవ్వుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆగి, "మంచిగుండె సాంబన్న," అని కళ్లు తుడుచుకోవడం కూడా దామోదర్ మేడమీదనుంచి చూశాడు.

రామ్మోహనరావు తొమ్మిదింటికి వచ్చి దామోదర్‌ను కొలువులోంచి తీసేశాడు. పదింటికి చిదంబరం మెట్లెక్కాడు. ఇక అయిపోయిందనుకున్నారు ఇద్దరూ. చిదంబరం పత్రిక మడిచి చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, దామోదర్ చెవి దగ్గరికొచ్చాడు.

"తమ్మీ, ఆనాటియి ఇంక వేరే ఫోటోలు గిట్ల ఉన్నయా?"

"ఉన్నయ్ చిదంబరమన్న. నాలుగు."

"నేను గిట్ల... దాంట్ల..." అని ఆగి, మూతి తుడుచుకున్నాడు.

"అసొంటియి లేవన్న. మీరు కండ్లు మూసుకునే ఉన్నరు."

చిదంబరం గట్టిగా ఊపిరి వదిలి, సంచిక మస్తుగా వచ్చిందని రామ్మోహనరావు భుజం తట్టి వెళ్లిపోయాడు. పన్నెండింటికల్లా కాపీలన్నీ అయిపోయాయి. రామ్మోహనరావు తాను తీసేసిన మనిషినే పిలిచి ఇంకో వెయ్యి వేయించుకు రమ్మన్నాడు, తీసేసిన సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ వారం నుంచే నాలుగో పేజీకి వేరే రకం ఫోటోలు రావడం మొదలైంది. ఎలిజబెత్ అనే నర్సమ్మ, వాళ్ల నాన్న బనీను మీద క్యారమ్స్ ఆడుతూ అవతలివాడి కాయిన్ నొక్కేస్తున్న ఫోటో తెచ్చింది. కోటు వేయనా అని దామోదర్ అలవాటు కొద్దీ అడిగాడు. వద్దంది. అతనూ మళ్లీ అడగలేదు.

కానీ అదంతా తర్వాత. జూన్ రెండు మధ్యాహ్నమే అతను పది కాపీలు పట్టుకుని మల్లాపూర్‌లో సారలమ్మ ఇంటికి పోయాడు. రేకుల ఇల్లు, ఫ్యాక్టరీ గోడను ఆనుకుని. ఆవిడ అప్పటికే ఎవరిదగ్గరో పత్రిక సంపాదించి, మొదటి పేజీ కత్తిరించి, ఫ్రేములోంచి కోటాయన్ను తీసి, బజ్జీ ఆయన్ను పెట్టి గోడకు కొట్టేసింది. కింద మనుమరాలు నిలబడి ఉంది. "తాత," అంది వేలు చూపించి. 'సార్' అనలేదు.

సారలమ్మ చాయ్ ఇచ్చింది. తీసేసిన కోటు ఫోటో తెచ్చి దామోదర్ చేతిలో పెట్టింది. "ఈ సారును తీస్కపో బిడ్డా. పరాయి మగోణ్ణి ఇంట్ల పెట్టుకున్నట్టున్నది. ఆయన ముందట ఏడ్వాలన్నా సిగ్గే, తిట్టాలన్నా భయమే. ఆఫీసరును ఎట్ల తిడ్తం?"

దామోదర్‌కు ఇక దాచబుద్ధి కాలేదు. "పెద్దమ్మా, ఆ కోటు నాదే. నా పెండ్లిది. భుజాలు గూడ నావే."

ఆవిడ ఫోటో వంక చూసింది, అతని వంక చూసింది. "అంటే ఏడాదిసంది నేను దండం పెట్టింది నీకా?"

"నడుము మీదికెల్లి మెడ దాకా నాకే."

చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తీస్కపోయి నీ పెండ్లాంకియ్యి. పాపం, ఎదురుచూస్తుండొచ్చు."

తర్వాత గోడవైపు తిరిగింది. నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మాఫీ జేసినవా?" అంది ఫోటోతో. "నువ్వా? నన్నా? నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నన్ను తప్పుదాన్ని జేసి, నాతోనే కాళ్లు మొక్కిచ్చుకుని పోయినవా? సూడు ఎట్ల దొరికినవో. లోకమంతా సూసింది. అరే, ఒక్కమాట ఒప్పుకుంటే ఏం పోతుండె? నేనేమన్న ఉరేద్దునా? గా బజ్జీ నాకు సగం తెస్తే ఏం పోతుండె? ఇప్పుడు గా కీసరగుట్ట ఎవలెక్కాలె, నా మోకాళ్లు పోయినంక?"

అంతటితో ఆపలేదు. పదకొండు నెలలుగా లోపల గడ్డకట్టుకుపోయిందంతా తిట్లరూపంలో బయటికొస్తోంది. దామోదర్ తన భుజాల మీద సాంబయ్య తల ఉన్న ఫోటోను ఒళ్లో పెట్టుకుని, చాయ్ తాగడం మర్చిపోయి కూర్చున్నాడు.

సారలమ్మ మధ్యలో ఒకసారి తిరిగి అతన్ని చూసింది. తువ్వాలుతో ముక్కు చీదుకుంది.

"నువ్వు పో బిడ్డా," అంది. "మా ఇద్దరికి జర పంచాయితి ఉన్నది."